ఈగ పైకి ఎక్కకపోతే జన్యువుదే తప్పా?

డుషేన్ కండర క్షీణతకు మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువుకు సాటిది పళ్ల ఈగలోనూ ఉంది. మెఫ్2-గాల్4 ఈగల్ని (కండరాల్లో గాల్4 అనే జన్యు మీట పనిచేసేవి) ఆర్‌ఎన్‌ఏఐ లైన్‌తో (ఆ మీట నొక్కితే ఎంచుకున్న జన్యువును అణిచే ఈగల వంశం) జతకడితే, పిల్ల ఈగల కండరాల్లో ఆ డిస్ట్రోఫిన్ జన్యువు అణిగిపోతుంది. అక్కడిదాకా సులువే. చిక్కంతా ఈగలు పైకి ఎంత బాగా ఎక్కుతాయో చూసే క్లైంబింగ్ పరీక్షలో. గొట్టంలో 10 ఈగలు వేసి, అడుగు టక్కున తట్టి, 10 సెకన్లలో 8 సెంటీమీటర్ల గీత దాటినవాటిని లెక్కపెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ మత్తిచ్చాక 24 గంటలైనా ఆగకపోతే ఆరోగ్యమైన ఈగలూ అడుగునే తచ్చాడతాయి. దాన్నే జబ్బనుకుంటే అంతే సంగతులు! ఆడ, మగ విడిగా, ఒకే వయసువి పెట్టాలి. 29 డిగ్రీల్లో గాల్4 జోరుగా పనిచేస్తుంది, కానీ ఈగలు త్వరగా ముసలివైపోతాయి. కంట్రోల్స్‌నీ (పోలిక కోసం పెట్టే, ఆ జన్యువు అణచని ఈగల్ని) ఆ వేడిలోనే పెంచాలి. రెండు వేర్వేరు ఆర్‌ఎన్‌ఏఐ లైన్లూ ఒకే మాట చెప్పకపోతే నేనైతే ఆ పరీక్ష ఫలితాల గ్రాఫ్ నమ్మను.