ఆరుగురిలో ఇద్దరికి వస్తే: ఫేజ్-1 ట్రయల్ డిజైన్ రాసిన నా అనుభవం

ఒక క్యాన్సర్ మందును మొదటిసారి మనుషులకు ఇచ్చి చూసే ఫేజ్-1 ట్రయల్‌కు గణాంక డిజైన్ రాసే పని నాకు అప్పగించేనాటికి, నేను చేసినవన్నీ వందలమంది రోగులుండే ఫేజ్-3 లెక్కలే. ఇక్కడ ఒక్కో విడతకు ముగ్గురే ఉంటారు. వేరే చికిత్సలన్నీ అయిపోయాక వచ్చేవాళ్లు. డోసు మరీ తక్కువైతే వాళ్లకు ఒరిగేదేమీ ఉండదు, ఎక్కువైతే మందే ప్రాణం మీదికి తెస్తుంది.

మా బృందంలో అందరికీ అలవాటైనది 3+3 పద్ధతి. ముగ్గురిలో ఎవరికీ తీవ్ర దుష్ప్రభావం రాకపోతే డోసు పెంచుతారు, ఒకరికి వస్తే అదే డోసు మరో ముగ్గురికి ఇచ్చి చూస్తారు, మొత్తంమీద ఇద్దరికి వస్తే ఇక పైకి వెళ్లరు. దీన్నే ఉంచుదామా అని ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. సగంమందికి తీవ్ర దుష్ప్రభావం కలిగించే డోసైనా సరే, మొదటి ముగ్గురూ క్షేమంగా బయటపడే అవకాశం 12.5 శాతం ఉంది. ముందు ఒకరికి వచ్చి, తరువాతి ముగ్గురికీ రాకపోయే అవకాశం మరో 4.7 శాతం. అంటే అంతటి డోసును కూడా దాటి పైకి వెళ్లిపోయే అవకాశం 17 శాతం పైనే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అందుకే, డోసు పెంచాలా తగ్గించాలా అన్నది తేల్చడానికి గణాంక శాస్త్రవేత్తలు సూయు లియు, యింగ్ యువాన్ 2015లో ప్రచురించిన బాయిన్ (BOIN) పద్ధతిని ఎంచుకున్నాను. ముగ్గురితో మొదలయ్యే ఏ పద్ధతీ ఆ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించలేదు గానీ, ఇందులో ఆరుగురితోనే తీర్పు ముగిసిపోదు. కిందికి దిగివచ్చి, అదే డోసులో ఇంకొందరిని చూసి అంచనాను సరిదిద్దుకోవచ్చు. ఎంతమందికి తీవ్ర దుష్ప్రభావం రావడాన్ని ఒప్పుకోవచ్చన్న లక్ష్యాన్ని 30 శాతంగా పెట్టుకున్నాను. అప్పుడు దుష్ప్రభావం వచ్చినవారి నిష్పత్తి 0.236 లేదా అంతకు తక్కువైతే డోసు పెంచాలి, సుమారు 0.359 దాటితే తగ్గించాలి, మధ్యలో ఉంటే అక్కడే ఆగాలి.

ఎంతమందిలో ఎందరికి వస్తే ఏం చేయాలో చూపే పట్టికను ఎథిక్స్ కమిటీ ముందు పెడితే, ఒక సీనియర్ వైద్యురాలు అందులో ఒకే గడి మీద వేలు పెట్టారు. "ఆరుగురిలో ఇద్దరికి వస్తే ఇన్నాళ్లూ వెనక్కి వచ్చాం. మీరు అక్కడే ఉండమంటున్నారు. ఎందుకండీ?" అని అడిగారు. 0.333 ఆ రెండు హద్దుల మధ్యే ఉందని చెప్పాను. లెక్కగా అది సరైన జవాబే, కానీ ఆమె అడిగింది లెక్క గురించి కాదు. ముగ్గురిలో ఒకరికి తీవ్ర దుష్ప్రభావం రావడాన్ని మనం ఎందుకు ఒప్పుకోవాలన్నది ఆమె ప్రశ్న. ఆ 30 శాతాన్ని నేను వైద్యులను అడగకుండానే, చాలా ట్రయల్ ప్రణాళికల్లో (ప్రోటోకాల్స్‌లో) ఉంటుందని రాసేశాను. అది నా పొరపాటు.

వైద్యులతో కూర్చుని లక్ష్యాన్ని 25 శాతానికి తగ్గించాం. పై హద్దు 0.298కి దిగింది కాబట్టి ఆరుగురిలో ఇద్దరంటే వెనక్కి రావలసిందే. అయితే మరో చిక్కు వచ్చింది: ముగ్గురిలో ఒక్కరికి వచ్చినా నిష్పత్తి 0.333 అయి, పట్టిక వెంటనే డోసు తగ్గించమంటుంది. అంత తొందరగా దిగితే రోగులందరూ పనిచేయని డోసుల దగ్గరే మిగిలిపోతారు. ఆ ఒక్క గడిలో మాత్రం అదే డోసులో ఉండేలా మార్చుకునే వెసులుబాటును పద్ధతి రూపకర్తలే ఇచ్చారు. దాన్ని వాడుకుని, డిజైన్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో చూసే ఊహాజనిత ట్రయల్స్‌ను, అంటే సిమ్యులేషన్లన్నింటినీ మళ్లీ నడిపాను. మొదటి డోసే విషమయ్యే పరిస్థితిని ఈసారి మరచిపోకుండా చేర్చాను.

ట్రయల్ మొదలయ్యాక, రెండో డోసులో మొదటి ముగ్గురిలో ఒకరికి ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి. వార్డు నుంచి వైద్యుడు ఫోన్ చేసినప్పుడు పట్టిక ఆయన ముందే ఉంది. "మూడులో ఒకటి. ఇక్కడే మరో ముగ్గురు, అంతే కదా?" అన్నారు. అంతే అన్నాను.