పురుగుల కోసం హైదరాబాద్ ప్రయాణం

మా కోనసీమ వాళ్లు హైదరాబాద్ వెళ్లారంటే పిల్లల దగ్గరికో, పెద్దాసుపత్రికో, పెళ్లికో అయ్యుంటుంది. నేను మాత్రం పురుగుల పెంపకం నేర్చుకుందామని వెళ్లాను. అమలాపురంలో బస్సెక్కాక ఈ మాటే పక్క సీటాయనతో అంటే, ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఆయన్నని ఏం లాభం! తోటలో పురుగు పడితే చంపాలనుకుంటాం గానీ పెంచాలనుకోం. కానీ పోయిన వేసవిలో మా అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరితోటల్లో కింది వరస మట్టలు మాడిపోవడం మొదలై, నెల తిరిగేసరికి మొవ్వు చుట్టూ నాలుగు పచ్చ మట్టలు తప్ప చెట్టంతా ఎవరో మంటపెట్టి ఆర్పినట్టు తయారైంది. నల్లతల గొంగళిపురుగు. తీవ్రంగా పట్టిన తోటలో ఆ దెబ్బ ఆ ఏటితో పోదు. పూత తగ్గుతుంది, పిందె రాలుతుంది, దిగుబడి దాదాపు సగానికి పడిపోతుంది.

మా నాన్న హయాంలో దీనికి వేరు ద్వారా మందు ఎక్కించేవారు. చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి, పెన్సిలంత లావున్న ఇటుక రంగు లేతవేరు వెతికి, కొస ఏటవాలుగా కోసి, 10 మి.లీ. మోనోక్రోటోఫాస్‌లో 10 మి.లీ. నీళ్లు కలిపిన కవరు దానికి తొడిగి దారంతో కట్టేవారు. చెట్టు తాగేసేది, పురుగు చచ్చేది. అయితే ఆ తర్వాత 45 రోజులు కాయ దింపకూడదు. బొండాం కొనే బేరగాడు వాకిట్లో నిలబడితే 45 రోజులు ఆగే రైతు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. నాకైతే ఆ పద్ధతి మీద అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

తెల్లారేసరికి కూకట్‌పల్లిలో దిగాను. అక్క వాళ్లిల్లు నిజాంపేట రోడ్డులో. బావగారు కాఫీ చేతికిస్తూ, "పురుగుల కోసం ఇంతదూరం వచ్చినోడివి నువ్వొక్కడివే బావా, అవేవో మీ ఊళ్లోనే బోల్డున్నాయి కదా" అన్నారు. అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

రాజేంద్రనగర్ వెళ్లాలి. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సులో పొమ్మన్నారు. మెట్రోలో కిటికీ పక్కన నిలబడ్డాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పుట్టినప్పట్నుంచీ కొబ్బరి చెట్టు కింద బతికినవాణ్ణి, కానీ నేనెప్పుడూ చెట్టెక్కలేదు. మా దింపు కార్మికులు పైనుంచి చెప్పిందే నాకు తెలుసు. అలాంటిది మెట్రో పట్టా మీద ఎర్రగడ్డ దాటాక పాత ఇళ్ల పెరళ్లలోని కొబ్బరి మొవ్వులు నా కళ్లకి ఎదురుగా వచ్చాయి. గెలలు, పీచు, ఎండిన పూతమట్టలు అన్నీ దగ్గరగా! ఊళ్లో దొరకని వీలు హైదరాబాద్‌లో దొరికింది.

చూస్తూ వెళ్తుంటే ఎస్.ఆర్.నగర్ దగ్గర ఒక చెట్టుకి కింది మట్టలు బూడిదరంగులో కనపడ్డాయి. రైలు ఆగింది. నేనూ దిగిపోయాను.

ఆ ఇల్లు కనుక్కోవడానికి రెండు సందులు తిరగాల్సొచ్చింది. గేటు దగ్గర ఓ పెద్దావిడ ఉంటే సంగతి చెప్పాను. "గీ చెట్టు మా ఆయన పెట్టిండు బిడ్డా. ఎండలకు గట్లయింది అనుకున్నం" అంది. మేడ మీదికి రమ్మంటే వెళ్లాను. పిట్టగోడ మీదికి వాలిన మట్ట చేతికందింది. ఆకు పైనుంచి చూస్తే ఎండిన మరకలే. తిప్పి చూస్తే, ఈనె పక్కనే పట్టుదారంతో, పొడిపొడిగా ఉన్న రెట్టతో అల్లిన గొట్టం పొడుగ్గా సాగి ఉంది. అగ్గిపుల్లతో దాన్ని చీల్చాను. లేత ఆకుపచ్చ ఒళ్లు, దాని మీద ఎర్రటి చారలు, నల్లటి తల. పుల్ల తగలగానే వెనక్కి వెనక్కి జరుక్కుంటూ గొట్టంలో దూరిపోయింది. అది ఆకుని కొరికి తినదు, అడుగు పక్కనున్న పచ్చదనాన్ని గీకి తింటుంది. పైపొర కాగితంలా మిగులుతుంది. అందుకే చూసేవాళ్లు ఎండ దెబ్బే అనుకుంటారు.

తల్లి రెక్కలపురుగు రాత్రిపూట తిరుగుతుంది, బూడిద తెలుపు. ముదురు ఆకుల అడుగున నూటికి పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి మళ్లీ రెక్కలపురుగు అయ్యేసరికి సుమారు రెండు నెలలు. ఆమెకి ఇవేవీ చెప్పలేదు. పురుగున్న మట్టలు నాలుగూ కోయించి అక్కడే తగలబెట్టించమన్నాను, కోసింది ఎవరికీ ఇవ్వొద్దన్నాను. "పందిరికి అడుగుతరు కద" అందామె. అసలు తంటా అక్కడే ఉంది. పెళ్లిపందిళ్లకీ, దుకాణాల ముందు నీడకీ పచ్చిమట్టలు లారీల్లో ఊళ్లు దాటుతుంటాయి, వాటితోపాటు పురుగూ దాటుతుంది. మన దేశానికీ శ్రీలంకకీ చెందిన ఈ పురుగు 2008 ప్రాంతంలో థాయిలాండ్‌లో, 2013లో చైనాలోని హైనాన్ దీవిలో బయటపడింది. థాయిలాండ్ వాళ్లు దాని శత్రువుని, అంటే దాన్ని చంపే ఓ చిన్న కందిరీగని, శ్రీలంక నుంచి తెప్పించుకున్నారు. ఆ శత్రువు కోసమే నా ప్రయాణం కూడా.

మెహిదీపట్నం దాటాక పీవీ ఎక్స్‌ప్రెస్ వే కింద బస్సు సాగింది. పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన అది. అక్కడివాళ్లు అడ్రసు అడిగితే పిల్లర్ నంబరు చెబుతారు, కాలనీ పేరు తర్వాతి మాట. రాజేంద్రనగర్ చేరేసరికి ఊరి వాతావరణమే మారిపోయింది. ఒకపక్క వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఒకపక్క వరి పరిశోధన సంస్థ, చెట్లు, ఖాళీ రోడ్లు. నేను వెళ్లాల్సిన జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై, 2008లో ఇప్పటి పేరు తెచ్చుకుంది.

మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కూడా ఇలా రైతుకి మేలుచేసే మిత్రపురుగుల్ని పెంచుతారు. మరి ఇంతదూరం ఎందుకంటే, పురుగు పడిందంటే వేసవిలో అన్ని ఊళ్లకీ ఒక్కసారే కావాలి. ఒక్క ప్రయోగశాల ఎన్నని పెంచుతుంది? ఊళ్లోనే ఓ గదిలో పెంచుకోగలమా అన్నది నా ప్రశ్న.

పెంచగలం. కానీ వాటికి మేతగా ముందు పెంచాల్సింది వేరే పురుగుని: బియ్యంలో గూళ్లు కట్టే కోర్సైరా. తట్టలో 2.5 కిలోల జొన్ననూక, 100 గ్రాముల వేరుశెనగ పొడి, చెంచాడేసి ఈస్టు, గంధకం, కాస్త స్ట్రెప్టోమైసిన్ నీళ్లు కలిపి, పైన అర సీసీ కోర్సైరా గుడ్లు చల్లుతారు. అర సీసీ అంటే ఎనిమిది తొమ్మిది వేల గుడ్లు. గుడ్డ కప్పి నీడలో పెడతారు. నెల తిరక్కుండానే నూకంతా గూళ్లు గూళ్లుగా ముద్దకట్టి, లోపల పురుగులు లావెక్కుతాయి. ఆ గదిలో వాసన మా మిల్లులో పాత నూకల బస్తా విప్పినట్టే ఉంది. అక్కడివాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేస్తున్నారు, రెక్కలపురుగుల ఒంటిమీది పొడి ఊపిరితిత్తులకి పడదట. నాకూ ఒకటిచ్చారు.

తర్వాత చూసింది మాత్రం చాలాకాలం గుర్తుంటుంది. లాంతరు చిమ్నీ లాంటి గాజు గొట్టం. లోపల బ్రాకన్ అనే కందిరీగలు, చీమ కంటే చిన్నవి, గోధుమరంగువి. వాటికి తేనె నీళ్లలో తడిపిన దూది. గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి, దాని మీద నాలుగైదు కోర్సైరా పురుగుల్ని పేర్చి, ఇంకో గుడ్డతో బిగించారు. కందిరీగలు మూతి దగ్గరకి చేరి, గుడ్డలోంచే సూది గుచ్చాయి. మెలికలు తిరుగుతున్న పురుగులు ఒక్కొక్కటే నీలుక్కుపోయాయి. చావలేదు, కదలిక పోయిందంతే. ఆ పురుగుల మీదే కందిరీగలు గుడ్లు పెట్టాయి. పిల్లలు బయటినుంచే వాటిని పీల్చేసి, పక్కనే తెల్లటి గూళ్లు అల్లుకుంటాయి. పది పన్నెండు రోజుల్లో కొత్త తరం సిద్ధం.

ఇంకోటి ఉంది, గోనియోజస్. నల్లగా, కాస్త పొడుగ్గా ఉంటుంది. దీనికి పట్టుదల ఎక్కువ. తాను కుట్టిన పురుగు మీద గుడ్లు పెట్టి వదిలేసి పోదు, పిల్లలు గూడు కట్టుకునేదాకా అక్కడే కాపలా ఉంటుంది. ఇంకో ఆడది దగ్గరకొస్తే తరిమేస్తుంది. నేను భూతద్దంలో చూస్తున్నంతసేపూ ఆ తల్లి పురుగు మీంచి దిగలేదు. శిక్షణ ఇస్తున్న మేడమ్‌గారు కుంచెతో కాస్త జరపబోతే, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చింది.

చెట్టుకి 20 గోనియోజస్‌లు గానీ, 30 బ్రాకన్‌లు గానీ లెక్క. చెట్టెక్కక్కర్లేదు, మాను మీద వదిలితే అవే పైకి పోతాయన్నారు. దింపువాళ్లు దొరక్క అల్లాడుతున్న మాకు ఇదే పెద్ద వార్త. వదిలేముందు ఆ నల్లతల పురుగు గొట్టాల వాసన వీటికి పట్టిస్తే వేట బాగా సాగుతుందట. కోర్సైరా మీద పెరిగినవాటికి కొబ్బరి పురుగు జాడ అలవాటు ఉండదు కదా! ఎస్.ఆర్.నగర్ ఆకు ముక్క ఒకటి పాలిథిన్ సంచిలో తెచ్చాను. అది చూసి మేడమ్‌గారు, "మంచి పని చేశారండీ, పాఠానికి పనికొస్తుంది" అని తీసుకున్నారు.

నేను అడిగిన చివరి ప్రశ్నకి జవాబు నాకు నచ్చలేదు, కానీ నిజం. మా రెండెకరాల్లో వదిలి పక్కోళ్లు వదలకపోతే? పక్కతోటలోంచి రెక్కలపురుగు వస్తూనే ఉంటుంది, పైగా వాళ్లు మందు కొడితే నా కందిరీగలూ చస్తాయి. ఊరంతా ఒకేసారి దిగాలి. పైగా అన్ని మట్టలూ మాడాక కాదు, జనవరి ఫిబ్రవరిలో కింది మట్టలు తిప్పి చూసి, గొట్టం కనపడగానే.

తిరుగు బస్సు కోసం లక్డీకాపూల్‌లో నిలబడి ఊళ్లో పక్కతోట బాబాయికి ఫోన్ చేశాను. విషయమంతా విని, "ముందు నీ తోటలో వదులు. పనిచేస్తే మేమూ చూస్తాం" అన్నాడు. సరిగ్గా ఇదే భయం. "నాకొక్కడికే అయితే పనిచెయ్యదు బాబాయ్, నీ చెట్ల మీదనుంచే నా చెట్లకొస్తది" అన్నాను. కాసేపు ఊరుకుని, "జొన్ననూక ఖర్చు ఎవడు పెడతాడ్రా?" అన్నాడు. ఎకరానికి ఇంతని వేసుకుందామన్నాను. కురిడీ కొబ్బరి ధర పడిపోయి ఉందని గొణిగాడు, గది ఎవరిదని అడిగాడు, మా పాత కొబ్బరి కొట్టం ఖాళీగానే ఉందన్నాను. శనివారం రామాలయం దగ్గర అందర్నీ కూర్చోబెడతానని, మాట్లాడాల్సింది మాత్రం నువ్వేనని ఫోన్ పెట్టేశాడు. బస్సు గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నరలో ఎకరానికి ఎంత అడగాలో కాగితం మీద వేసుకుంటూ కూర్చున్నాను.