కొడుక్కి దక్కని కొలువు: కైరో మమ్లూకుల కథ

స్కూలు పుస్తకాల్లో బానిస వంశం అంటే కుతుబుద్దీన్ ఐబక్, ఇల్‌టుట్‌మిష్, బాల్బన్. అది ఢిల్లీ సంగతి, 1206 నుంచి 1290 దాకా. ఈజిప్టు రాజధాని కైరోలో మమ్లూకులు, అంటే కొని తెచ్చి సైనికులుగా తీర్చిదిద్దిన బానిసలు, 1250లో గద్దెక్కి 1517 దాకా కదల్లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ, కైరో వాళ్ల పద్ధతే వేరు. అక్కడ ఏలే వర్గం మొత్తాన్నీ తరతరానికీ డబ్బు పోసి కొత్తగా కొనుక్కోవాల్సిందే.

ఎందుకంటే, ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ముస్లింని బానిసగా చేయకూడదు. కాబట్టి పిల్లల్ని బయటి నుంచే తేవాలి. మొదట్లో నల్ల సముద్రానికి ఉత్తరాన గడ్డి మైదానాల్లో ఉండే కిప్చాక్ తురుష్కులు, 1382 తర్వాత ఎక్కువగా కాకసస్ కొండల సర్కాసియన్లు. క్రిమియాలోని కఫా రేవులో జెనోవా ఓడలెక్కి, బాస్ఫరస్ జలసంధి దాటి వచ్చేవారు. ఆ దారి మూసుకుపోతే సైన్యమే ఉండదు. అందుకే సుల్తాన్ బైబర్స్ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఎనిమిదో మైఖేల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఇలా వచ్చినవాడు ముస్లిం అవుతాడు, విడుదలవుతాడు, పెళ్లాడతాడు. వాడి కొడుకు పుట్టుకతోనే ముస్లిం, స్వతంత్రుడు. వాణ్ణి కొనడానికి వీల్లేదు, కాబట్టి మమ్లూకు కాలేడు. సూత్రం ప్రకారం తండ్రి హోదా తండ్రితోనే సరి.

పిల్లవాడు కైరో కోటలోని బారకుల్లో చేరాక ముందు దక్కేది కత్తి కాదు, పలక. అరబ్బీ అక్షరాలు, ఖురాన్, నమాజు. బారకుల కాపలా నపుంసకులది. ఈడొచ్చాకే ఫురూసియ్యా, అంటే గుర్రపు రౌతు విద్య అంతా: స్వారీ, ఈటె, విల్లు, కత్తి. విలువిద్యలో ముందు మెత్తటి విల్లు, దగ్గరి గురి. బిగుసు పెంచుకుంటూ పోతే చివరికి కబక్ ఆట: ఎత్తైన గుంజ కొనకు సొరకాయ లాంటి బుర్ర కట్టి, పరుగెత్తే గుర్రం మీద నుంచి వెనక్కి వాలి పైకి కొట్టాలి. రెండు చేతులూ వింటి మీదే ఉంటాయి కనుక గుర్రాన్ని మోకాళ్లతోనే నడపాలి. ఇది ఏళ్ల తరబడి చేస్తేగాని ఒంటబట్టే పని కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పతనం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

చదువు ముగిశాక విడుదల పత్రం, గుర్రం, ఆయుధాలు ఇస్తారు. విడుదల చేసిన యజమానిని ఉస్తాద్ అంటారు. ఒకే ఉస్తాద్ కింద పెరిగినవాళ్లు ఖుష్దాష్‌లు. రక్తసంబంధం తెగిపోయిన చోట ఈ బంధమే ఇల్లు, కులం, పార్టీ అన్నీ.

ఈ జీవితమంతా పేరులోనే చదవొచ్చు. సుల్తాన్ ఖాయిత్‌బాయ్ (1468–96) పేరు చివర అల్ మహ్మూదీ, అల్ జాహిరీ అని ఉంటుంది. మొదటిది అతణ్ణి తెచ్చిన వర్తకుడు మహ్మూద్ పేరు మీద, రెండోది విడుదల చేసిన సుల్తాన్ అల్ జాహిర్ జక్‌మక్ పేరు మీద. కొన్నది మాత్రం సుల్తాన్ బర్స్‌బాయ్. కొన్నవాడు కాదు, విడిపించినవాడే లెక్క. ఇక సుల్తాన్ కలావూన్‌కి అల్ అల్ఫీ అని బిరుదు. వెయ్యి దీనార్లకు కొన్నారట, అందుకని. 1310లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి నుంచి కప్పం పట్టుకెళ్లిన మాలిక్ కాఫూర్ గుర్తున్నాడా? ఆయన్నీ హజార్ దీనారీ అనేవారు. సంతలో పలికిన ధర సిగ్గుపడే సంగతి కాదు, చెప్పుకునే గొప్ప.

జీతాల లెక్క నైలు నదికి ముడిపడి ఉంది. అమీర్లకు, అంటే మమ్లూకు సేనాపతులకు, భూమి ఇవ్వరు, ఫలానా ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే హక్కు ఇస్తారు. అదే ఇక్తా. ఈజిప్టు సాగుభూమిని మొత్తం 24 వంతులుగా లెక్కగట్టేవారు. 1315 సర్వేలో సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ అందులో 10 వంతులు ఖజానాకే తీసుకున్నాడు. అంతకుముందు సుల్తాన్ వాటా నాలుగే. ఏటా రోదా దీవి దగ్గరి కొలత స్తంభం మీద నీరు 16 మూరలు చేరితేనే శిస్తుకు ఢోకా లేదు. పైగా ఇక్తా ఎప్పుడు చేతులు మారుతుందో తెలియదు కనుక, కట్టలకు మట్టి వేయించి రేపటి సంగతి చూసుకోవాలన్న తపన అమీరుకు తక్కువే.

1347లో ప్లేగు అలెగ్జాండ్రియాలో దిగాక ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కూలాయి. రైతులు చచ్చారు, కట్టలు తెగాయి, శిస్తు పడిపోయింది. ప్లేగు మళ్లీ మళ్లీ వచ్చేది, వచ్చినప్పుడల్లా కొత్తగా దిగిన పిల్లలే ముందు రాలిపోయేవారు. ఖాళీలు నింపడానికి ఈడొచ్చినవాళ్లను కొని, శిక్షణ కుదించి బయటికి వదిలేవారు. మోకాళ్లతో గుర్రం నడపడం ఇరవై ఏళ్లొచ్చాక ఏం వస్తుంది? జీతం ఆలస్యమైతే మాత్రం ఈ కొత్త దళాలు కైరో వీధుల్లో పడి దోచుకునేవి.

అమీర్ల వైపు చూస్తే ఇంకో కన్నం. కొడుక్కి హోదా ఇవ్వలేకపోయినా ఆస్తి ఇవ్వొచ్చుగా? మసీదో మదరసానో కట్టించి, దానికి భూములు వక్ఫు రాసి, మిగులు రాబడి తన సంతానానికే చెందేలా షరతు పెట్టేవారు. కైరోలో మనం ఫోటోలు తీసుకునే గుమ్మటాల్లో చాలావాటి వెనక భక్తితో పాటు ఈ లెక్కా ఉంది. వక్ఫయిన భూమి ఇక్తా జాబితా నుంచి పోయినట్టే.

తుపాకీ వచ్చేసరికి చిక్కు ముదిరింది. గుర్రం దిగి, నేల మీద నిలబడి, మందు దట్టించి పేల్చడం రౌతుకు నామోషీ. సుల్తాన్ అల్ ఘౌరీ తుపాకుల కోసం ఐదో దళం అని ఒకటి పెడితే, అందులో మమ్లూకుల కొడుకులూ బయటివాళ్లూ చేరారు, తక్కువ జీతానికి. కొత్త ఆయుధం వర్గంలో చోటులేని వాళ్ల చేతికి చేరిందన్నమాట. 1516 ఆగస్టు 24న అలెప్పో దగ్గర మర్జ్ దాబిక్‌లో ఒట్టోమన్ ఫిరంగుల ముందు అల్ ఘౌరీ ప్రాణం పోయింది. సొంత గవర్నరు ఖాయర్ బే శత్రువుతో చేయి కలిపాడు. మరుసటేడు కైరో పడింది, ఆఖరి సుల్తాన్ తూమాన్ బాయ్‌ని జువైలా గుమ్మం దగ్గర ఉరి తీశారు.

ఒట్టోమన్లు ఈజిప్టు పాలన అప్పగించింది ఆ ఖాయర్ బేకే. కొనుగోళ్లూ ఆగలేదు. 1811 మార్చి 1న అప్పటి ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ అదే కోటకు మమ్లూకు పెద్దల్ని వేడుకకని పిలిచి, తలుపులు మూయించి చంపించేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు.