రోవర్ వీపు మీది దుమ్ము

2007 అక్టోబరు చివర్లో, అంగారకుడి మీద తిరిగే నాసా యంత్రం స్పిరిట్ రోవర్ తన స్తంభం మీది కెమెరాను కిందికి వంచి, తన సోలార్ ప్యానెళ్లను తానే ఫొటోలు తీసి పంపింది. ఆ ఫొటోలన్నీ కలిపి అతికిన చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు అందులో రోవర్ ఎక్కడుందో నాకు వెంటనే అర్థం కాలేదు. ప్యానెళ్లూ, చుట్టూ ఉన్న నేలా ఒకే ఇటుకపొడి రంగులో కలిసిపోయి ఉన్నాయి. అంచులు తిన్నగా ఉండడం వల్ల మాత్రమే అక్కడ మనిషి చేసిన వస్తువు ఒకటి ఉందని గుర్తుపట్టగలిగాను. ఆనాటి నుంచి అంగారకుడి మీద ఎండతో బతికే యంత్రాల గురించి ఏ వార్త చదివినా ముందుగా ఒక అంకె కోసం వెతకడం నాకు అలవాటైపోయింది: ఆ రోజు ప్యానెళ్ల నుంచి ఎన్ని వాట్-అవర్ల కరెంటు వచ్చింది?

2004 జనవరిలో స్పిరిట్, దాని జంట రోవర్ ఆపర్చునిటీ దిగినప్పుడు ఆ అంకె రోజుకు సుమారు 900. అంటే వంద వాట్ల బల్బు ఒకటి తొమ్మిది గంటలు వెలగడానికి సరిపోయేంత. చక్రాలు తిప్పడం, రాళ్లను పరిశీలించడం, భూమితో మాట్లాడడం, అన్నిటికన్నా ముఖ్యంగా రాత్రి చలిలో బ్యాటరీనీ ఎలక్ట్రానిక్స్‌నీ వెచ్చగా ఉంచడం, ఇవన్నీ ఆ కాస్తలోనే సర్దుకోవాలి. అంగారకుడికి చేరే ఎండే మనకు చేరే దానిలో సగటున 43 శాతం. ప్యానెళ్ల వైశాల్యం ఒక్కో రోవర్ మీద 1.3 చదరపు మీటర్లు. ఇంత బిగుతైన బడ్జెట్‌లో దుమ్ము రోజూ కొంత కోత పెడుతుంది.

ఎంత కోత పెడుతుందో ఈ రోవర్లు వెళ్లకముందే తెలిసింది. 1997లో దిగిన సోజర్నర్ అనే చిన్న రోవర్ మీద ఇందుకోసమే ఒక ప్రయోగం అమర్చారు. రోజుకు 0.28 శాతం చొప్పున ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతోందని అది తేల్చింది. అంకె చూడడానికి చిన్నదే. అదే వేగంతో సాగితే మాత్రం 90 అంగారక దినాల్లో అయిదో వంతుకు పైగా పోతుంది, ఆపైన కోత ఆగదు, చలికాలం కూడా వస్తుంది. స్పిరిట్, ఆపర్చునిటీలకు 90 రోజులే ఆయుష్షుగా లెక్క కట్టడంలో ఈ దుమ్ము పాత్ర చాలా ఉంది. ఈ రోవర్ల సంగతి ఎత్తగానే చాలామంది వేసే ప్రశ్న ఒకటుంది: కారు అద్దానికి ఉన్నట్టు ఒక వైపర్ పెట్టవచ్చు కదా? ఈ ప్రశ్న తేలికైనది కాదని నా అభిప్రాయం. వైపర్‌కు మోటారు కావాలి, ఆ మోటారుకు వైరు కావాలి, చలికి బిగుసుకోకుండా దాన్ని కాపాడాలి. తడి లేకుండా పొడిగా రుద్దితే సన్నని రేణువులు గాజును గీకుతాయి. పైగా రాపిడికి పుట్టే విద్యుదావేశం వాటిని మళ్లీ ఉపరితలానికే అతుక్కునేలా చేయగలదు. అంత బరువు మోసే బదులు ఆ బరువుతో ప్యానెల్‌నే కాస్త పెద్దది చేసుకోవడం మేలని ఇంజినీర్లు అనుకోవడంలో నాకు తప్పు కనిపించదు. వాళ్లు ముందుగా లెక్కలోకి తీసుకోలేనిది గాలి.

2005 మార్చి 9న స్పిరిట్ పంపిన అంకెలు ఉన్నట్టుండి పెరిగాయి. అంతకు ముందు రోజు వరకు కొత్తలో ఉన్న సామర్థ్యంలో సుమారు 60 శాతమే ఇస్తున్న ప్యానెళ్లు ఒక్కసారిగా 93 శాతం ఇవ్వసాగాయి. మరునాడు తీసిన ఫొటోల్లో చుట్టుపక్కల సుడిగాలులు తిరుగుతూ కనిపించాయి. దుమ్మును తెచ్చి పోసిన గాలే దాన్ని ఊడ్చుకుపోయింది. ఇలాంటి ఊడ్పులు రెండు రోవర్లకూ ఎన్నోసార్లు జరిగాయి. 90 రోజుల ఆపర్చునిటీ పద్నాలుగేళ్లు పనిచేసిందని అందరూ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. నిజమే, ఆశ్చర్యమే. అయితే ఆ పద్నాలుగేళ్లలో గాలికి ఎంత వాటా ఉందో చెప్పకపోతే ఆ కథ సగమే అవుతుంది.

ఆ గాలి అందరికీ ఒకేలా సాయపడలేదు. 2018 నవంబరు 26న ఎలీసియం మైదానంలో దిగిన ఇన్‌సైట్ రోవర్ కాదు, కదలకుండా ఒకేచోట ఉండే ల్యాండర్. దాని ప్యానెళ్లు రెండూ గుండ్రనివి, ఒక్కొక్కటి 2.2 మీటర్ల వ్యాసంతో ఉండేవి. మొదట్లో రోజుకు దాదాపు 5000 వాట్-అవర్లు ఇచ్చేవి. దాని మీదుగానూ చుట్టుపక్కలానూ వేల సుడిగాలులు పోయాయని దాని పీడన పరికరమే నమోదు చేసింది. అయినా ప్యానెళ్లు చెప్పుకోదగినంతగా శుభ్రం కాలేదు. ఎందుకో అర్థం కావాలంటే దుమ్ము రేణువును దగ్గరగా చూడాలి. అంగారకుడి గాలిలో తేలే రేణువు వ్యాసం సుమారు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందంలో అది ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంత చిన్న రేణువును ఉపరితలానికి పట్టి ఉంచే బలాలు దాని బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ. అది గాజు మీద పడిందనడం కన్నా అంటుకుందనడమే సరి. అక్కడి వాతావరణ పీడనం మన వాతావరణంలో ఒక శాతం కూడా లేదు కాబట్టి గాలి ఎంత వేగంగా వీచినా దాని తోపు తక్కువ. పెద్ద ఇసుక రేణువు దొర్లుతుంది, ఎగిరి పడుతుంది. సన్నని దుమ్ము మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఈ తేడానే వాడుకుని 2021 మేలో ఇన్‌సైట్ బృందం చేసిన పని నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టం. దుమ్ము పట్టిన ప్యానెల్‌ను శుభ్రం చేయడానికి వాళ్లు ఇంకా మట్టి తెచ్చి పోశారు. ల్యాండర్ చేయి తన గరిటెతో ఇసుకను ఎత్తి, గాలి వీచే వేళ చూసుకుని, ప్యానెల్ పక్కన సన్నని ధారగా జారవిడిచింది. గాలికి ఆ ఇసుక రేణువులు ప్యానెల్ మీదుగా గెంతుతూ పోయాయి. ఒక్కో గెంతులో గాజుకు అంటుకుని ఉన్న సన్నని దుమ్మును ఢీకొట్టి లేపాయి. లేచిన దుమ్మును గాలి తీసుకుపోయింది. దానివల్ల కలిసివచ్చింది రోజుకు 30 వాట్-అవర్లు. అంత దూరాన ఉన్న ఒక చేతికి గరిటెడు ఇసుక పోయమని ఆదేశం పంపి, మరునాడు అంకెలు చూసి, అవి కొంచెం పెరిగాయని తెలుసుకున్న వాళ్ల ఆనందాన్ని నేను ఊహించగలను. అదే పనిని వాళ్లు మళ్లీ మళ్లీ చేశారు. అయినా దుమ్ము పేరుకునే వేగాన్ని దాటలేకపోయారు. 2022 మే నాటికి ఉత్పత్తి రోజుకు 500 వాట్-అవర్లకు పడిపోయింది, ఆ డిసెంబరులో ఇన్‌సైట్ మాట ఆగిపోయింది.

ఇంతవరకు చెప్పింది ప్యానెల్ మీద పడిన దుమ్ము గురించి. గాలిలో వేలాడే దుమ్ము వేరే కథ. ఆకాశం ఎంత మసకబారిందో చెప్పడానికి శాస్త్రవేత్తలు టౌ అనే కొలతను వాడతారు. టౌ ఒకటైతే సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కాంతిలో 37 శాతమే నేలను చేరుతుంది. రెండైతే ఆ 37 శాతంలో మళ్లీ 37 శాతమే. ఇలా ఒక్కో మెట్టుకూ తగ్గుతూ పోతుంది. చెదిరిన కాంతి కొంత చేరుతుంది కాబట్టి పూర్తిగా చీకటి కాదు. మామూలు రోజుల్లో టౌ సుమారు అర ఉంటుంది. 2007 జులైలో పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆపర్చునిటీ మీది నేరు ఎండలో 99 శాతం ఆగిపోయింది. జులై 18న దానికి దొరికినది 128 వాట్-అవర్లే. అయినా బతికి బయటపడింది.

ప్యానెళ్లకు కరెంటు తగ్గితే రోవర్ నెమ్మదిస్తుందని, పని ఆపి నిద్రపోతుందని మనం అనుకుంటాం. అసలు ప్రమాదం ఆ నిద్రలోనే ఉంది. హీటర్లు ఆగితే బ్యాటరీ చల్లబడుతుంది, చల్లబడిన బ్యాటరీ ఛార్జిని సరిగా తీసుకోదు, ఎలక్ట్రానిక్స్ అతుకులు చలికి ముడుచుకుని తెగే ప్రమాదం ఉంది. స్పిరిట్ అంతం ఇందుకు సాక్ష్యం. 2009 మేలో మెత్తటి నేలలో కూరుకుపోయాక, చలికాలపు ఎండ వైపు ఒరగడానికి అనువైన ఉత్తరపు వాలు మీదికి అది చేరుకోలేకపోయింది. అంతకు ముందు చలికాలాలను అది అలా ఒరిగే గడిపింది. 2010 మార్చి 22 తరువాత దాని నుంచి మాట రాలేదు.

ఆపర్చునిటీని ముంచింది 2018 తుఫాను. మే 30న కక్ష్యలోని ఉపగ్రహం దాన్ని గమనించింది. జూన్ 10న రోవర్ చివరిసారి మాట్లాడినప్పుడు టౌ 10.8. లెక్క ప్రకారం నేరు ఎండలో దాదాపు యాభై వేల వంతుల్లో ఒక వంతే నేలకు చేరింది. ఆనాటి ఉత్పత్తి 22 వాట్-అవర్లు. దుమ్ము దుప్పటిలా పనిచేసి రాత్రుల చలిని కొంత తగ్గిస్తుంది కాబట్టి గడ్డకట్టిపోదన్న ఆశ అందరికీ ఉండేది. వారాలు గడిచి ఆకాశం తేటపడింది, రోవర్ మాత్రం మేల్కోలేదు. ఆ తుఫానంతా ప్యానెళ్ల మీదే దిగి ఉండవచ్చు. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా వీచే గాలుల కోసం బృందం ఎదురుచూసింది. ఎన్నోసార్లు ఆ ప్యానెళ్లను ఊడ్చింది ఆ గాలులే. వెయ్యికి పైగా ఆదేశాలు పంపారు. 2019 ఫిబ్రవరి 13న నాసా ఆపర్చునిటీ ప్రయాణం ముగిసిందని ప్రకటించింది.

ఆ తరువాత చైనా పంపిన ఝురోంగ్ రోవర్ మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకునే నాలుగు ప్యానెళ్లతో అది 2021 మేలో యుటోపియా మైదానంలో దిగి 1921 మీటర్లు నడిచింది. 2022 మేలో చలికాలం కోసం నిద్రలోకి వెళ్లింది. లోపలి ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలు దాటి, ప్యానెళ్ల ఉత్పత్తి 140 వాట్లు దాటితే దానంతటదే లేచేలా దాని బృందం ఏర్పాటు చేసింది. ఆ ఏడాది డిసెంబరులో లేవాల్సింది, లేవలేదు. అనుకున్నదానికన్నా ఎక్కువ దుమ్ము పేరుకుపోయి ఉండవచ్చని 2023 ఏప్రిల్‌లో చైనా అంగారక యాత్ర ప్రధాన రూపకర్త ఝాంగ్ రోంగ్‌చియావ్ చెప్పారు. అంతకు ముందే ఫిబ్రవరిలో కక్ష్య నుంచి తీసిన ఫొటోలో, అయిదు నెలల కిందటి ఫొటోలో ఉన్నచోటే అది ఉంది.