‘ఇష్యూ’ను జపాన్ భాషలో ఏమనాలి?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం చేసినన్నాళ్లూ ‘ఇష్యూ’ అన్న మాటతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. సర్వరు ఆగిపోయినా ఇష్యూయే, బటన్ రంగు మారినా ఇష్యూయే, క్లయింటు ఇంకా తేల్చని సంగతీ ఇష్యూయే. టోక్యో వచ్చి, ఇక్కడి క్లయింటు రాతలను మా హైదరాబాదు బృందానికి, వారి రాతలను క్లయింటుకు మార్చి చెప్పడం నా పనిలో భాగమయ్యాకే, ఆ ఒక్క మాటతో ఎన్ని వేర్వేరు సంగతులను నెట్టుకొచ్చామో తెలిసింది.

వచ్చిన కొత్తలో ఒక వారపు నివేదికలో, క్లయింటు నిర్ణయం కోసం ఆగి ఉన్న ఏడు అంశాలకు ‘మొందాయ్’ అని శీర్షిక పెట్టాను. సమస్య అనగానే ఎవరికైనా మొదట తట్టే జపాన్ మాట అదే; పరీక్షలో ఇచ్చే ప్రశ్నను కూడా మొందాయ్ అనే అంటారు కనుక తేలికైన మాటే అనుకున్నాను. మరునాటి సమావేశానికి, మామూలుగా రాని కచో, అంటే వారి సెక్షన్ అధికారి, వచ్చి కూర్చున్నారు. ఏడు చోట్ల పని చెడిందని ఆయన అర్థం చేసుకున్నారు. ఆ సాయంత్రం మా బృందంలోని జపాన్ పెద్దాయన ఒక కాగితం మీద రెండు అక్షరాలు రాసి చూపించారు: ‘కదాయ్’. అందులో మొదటి అక్షరానికి విధించడం, అప్పగించడం అనే అర్థాలున్నాయి. పన్ను విధించడాన్ని ‘కజెయ్’ అనడంలో ఉన్నదీ అదే అక్షరం. బడిలో పిల్లలకు ఇచ్చే పని కూడా కదాయే. మొందాయ్ అంటే ఏదో చెడిందని వింటారు, కదాయ్ అంటే ఎవరో ఒకరు ఒక గడువులోగా తేల్చవలసినది ఉందని వింటారు. ఇక్కడి ప్రాజెక్టుల్లో వాడే కదాయ్ పట్టికలో ప్రతి వరుసకూ బాధ్యుడి పేరు, గడువు తేదీ ఎందుకు అడుగుతారో నాకు అప్పుడు బోధపడింది.

అంతకంటే బరువైన పొరపాటు ‘డిఫెక్ట్’ దగ్గర జరిగింది. నిఘంటువు ‘కెక్కన్’ అని చెప్పింది, నేనూ అదే రాశాను. బిల్లులో కామా ఒక అంకె పక్కకు జరిగిన తప్పుకు ఆ మాట వాడానని తరువాత గానీ గ్రహించలేదు. 1994లో చేసి 1995 జులై 1 నుంచి అమలు చేసిన ఉత్పత్తి బాధ్యత చట్టం, ఒక వస్తువుకు మామూలుగా ఉండవలసిన భద్రత లేకపోవడాన్నే కెక్కన్ అని నిర్వచించింది. జనం నోట ఆ మాట లోపాల కార్ల గురించీ, నాసిరకంగా కట్టిన ఇళ్ల గురించీ వినిపిస్తుంది. ఒప్పందాల్లో లోపానికి ఇంకో పాత మాట ఉండేది, ‘కషి’. 2017లో సవరించిన పౌర స్మృతి 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినప్పుడు దాన్ని తీసేసి, ‘ఒప్పందానికి సరిపోకపోవడం’ అనే అర్థమున్న మాట పెట్టారు. చట్టం ఇంత పట్టింపుగా చూసే చోట నేను నిఘంటువులోని మొదటి మాటతో సరిపెట్టుకోవడం తప్పే.

సేవ నిజంగా ఆగిపోతే ‘షోగాయ్’ అనాలి. బ్యాంకు ఏటీఎంలు మొరాయించిన రోజున వార్తల్లో వినిపించేది అదే. అయితే మనుషుల వైకల్యానికీ ఇదే మాట. ఇందులోని రెండో అక్షరానికి హాని అని అర్థం. 1946 నాటి అక్షరాల జాబితాలో, అడ్డంకి అనే అర్థమున్న వేరే అక్షరానికి చోటు దొరకకపోవడంతో ఇది స్థిరపడింది. మనుషుల గురించి రాసేటప్పుడు ఆ అక్షరం బాధ పెడుతుందని చాలా పురపాలక కార్యాలయాలు దాన్ని, అర్థం కాక పలుకును మాత్రమే చూపే హిరగానా లిపిలో రాస్తున్నాయి. నేనూ అలాగే రాస్తాను.

నాకు అన్నిటికంటే దగ్గరైనది ‘ఫుగుఆయ్’. గుఆయ్ అంటే ఉన్న తీరు, స్థితి. ఒంట్లో బాగాలేదని డాక్టరుకు చెప్పడానికీ గుఆయ్ బాగాలేదనే అంటారు. ‘ఒంట్లో తేడాగా ఉంది’, ‘బండి తేడా చేసింది’ అనే మన ‘తేడా’ ఇంచుమించు ఇదే. అనుకున్నట్టు నడవడం లేదన్న సంగతి ఇందులో ఉంది, తప్పెవరిదన్న తీర్పు లేదు. ఇది బాధ్యత తప్పించుకునే మాట అని కొందరు సహోద్యోగులు అంటారు. కారణం తెలియనంత వరకు ఇదే నిజాయితీ గల మాట అని నా నమ్మకం. మన కోడులోనే తప్పుందని తేలాక కూడా ఫుగుఆయ్ అని రాస్తే మాత్రం అది దాపరికం, అప్పుడు ‘బగు’ అని తిన్నగా రాయాలి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇక్కడ నేను రాసే ఒక్క మాటను బట్టి, అక్కడ హైదరాబాదులో ఒక అమ్మాయి రాత్రి పదకొండింటికి మళ్లీ లాప్‌టాప్ తెరవవలసి రావచ్చు, చేయని తప్పుకు సంజాయిషీ రాయవలసి రావచ్చు.

మొన్న ఆ అమ్మాయే ఫోన్ చేసి, “అక్కా, పాత ఇన్‌వాయిస్‌లు ఏదో తేడాగా వస్తున్నాయి” అంది. సేవ ఆగిందా అని అడిగాను, ఆగలేదంది. కారణం దొరికిందా అని అడిగాను, ఇంకా లేదంది. ఫుగుఆయ్ అని రాసి, కారణం వెతుకుతున్నామని కింద ఒక వాక్యం చేర్చి పంపాను.