దూడ ఎక్కనన్న రోజు

"నువ్వూ ఇంగ్లీషు మాస్టారివే అయ్యావు కదరా, మన ఇంగ్లీషు మాస్టారి గురించి నువ్వే రాయాలి" అని మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేస్తే సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, వాళ్లు దానికో తోక కూడా తగిలించారని. ఇప్పుడు మన బళ్లో తొమ్మిదీ పదీ చదువుతున్న పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారట. ఇంగ్లీషులో రాయడం నేర్పే క్లాసుకి వెళ్తే ఏం వస్తుందో వాళ్లకి తెలిసేట్టు రాయాలట. అక్కడొచ్చింది చిక్కు. ఏం వస్తుందంటే మార్కులు వస్తాయని చెప్పాలి. నాకేమో ఆ క్లాసు వల్ల మార్కులు రాలేదు. మార్కులు ఎలా వచ్చాయో కూడా చెబుతాను, సిగ్గుపడాల్సిన సంగతే అయినా.

మనది 1988 మార్చిలో పబ్లిక్ రాసిన బ్యాచి. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. ఇంగ్లీషు అంటే థర్డ్ లాంగ్వేజి. పబ్లిక్‌లో 50 మార్కులేసి రెండు పేపర్లు. ఫస్ట్ పేపరు నిండా పాఠాలూ పోయెమ్సూ, కాబట్టి బట్టీతో దాన్ని దాటేయొచ్చు. గ్రామరూ లెటరూ కాంపోజిషనూ ఉండే సెకండ్ పేపరు అలా కాదు. హిందీకి 20 వస్తే గట్టెక్కేవాళ్లం, ఇంగ్లీషుకి 35 రావాల్సిందే. అందుకని అమలాపురం వెళ్లినవాళ్లతో గైడు తెప్పించుకుని, అందులో ఉన్న పది ఎస్సేలూ సంధ్యావందనంలా అప్పజెప్పేవాళ్లం. అర్థం ఎవడిక్కావాలి? ఆవు వ్యాసం వచ్చినవాడు కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవుని తీసుకెళ్లి చెట్టుకి కట్టేసే రకం మేమందరం. కోనసీమలో చెట్టుకేం కొదవ!

మాస్టారు మేం తొమ్మిదిలోకి వచ్చిన ఏడాదే బదిలీ మీద వచ్చారు. హైదరాబాదులో సీఫెల్ అని, ఇంగ్లీషు మాస్టార్లకి ట్రైనింగిచ్చే సంస్థ ఒకటి ఉండేది. 1958లో పెట్టిందే, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. అక్కడ ట్రైనింగు అయ్యి వచ్చారని అటెండరు చెప్పాడు. ట్రైనింగు అయినవాళ్లు ఎలా ఉంటారో చూద్దామని కూర్చున్నాం. మాసిన పంచె, చేతిలో గొడుగు, జేబులో పెన్ను బదులు పెన్సిల్. దిద్దడానికి ఎర్ర సిరా వాడేవారు కాదు. "పెన్సిలైతే నేను తప్పని తేలినప్పుడు చెరిపేసుకోవచ్చు" అన్నారు ఒకసారి. మాస్టారు తప్పవడం ఏమిటో మాకు అర్థం కాలేదు.

రెండు నెలలు తిరక్కుండానే 1986 ఆగస్టు వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మన బ్యాచిలో లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామందికి పుస్తకాలతో సహా అన్నీ పోయాయి. బడి మళ్లీ తెరిచాక మొదటి కాంపోజిషన్ పీరియడ్‌లో మాస్టారు బోర్డు మీద ఒకే మాట రాశారు, ది ఫ్లడ్ అని. అరగంట టైమిచ్చారు.

మేం రాసింది చూడాలి. పేపర్లో వచ్చిన "గోదావరి ఉగ్రరూపం" అనే హెడ్డింగుని ఇంగ్లీషు చేయబోయి ఒకడు "గోదావరి యాంగ్రీ బాడీ" అన్నాడు. నేను "మదర్ గోదావరి బికేమ్ ఎ డెమన్" అని రాసి, నాకు నేనే మెచ్చుకున్నాను. మాస్టారు ఒక్కొక్కర్నీ పిలిచి అదే ప్రశ్న అడిగారు. "నువ్వు చూశావా?"

"ఏంటండి?"

"డెమన్ని. చూశావా?"

"లేదండి."

"మరి ఏం చూశావు?"

నేను చూసింది మా అరుగు. మూడు మెట్లలో రెండు మునిగి, మూడో మెట్టు దగ్గర నీళ్లు ఆగిపోవడం. దాని మీద తేలుతూ ఎవరిదో ఎడం కాలి చెప్పు. "అదే రాయవోయ్" అన్నారు. అది రాయడానికి నాకు ఇంగ్లీషు చాల్లేదు. ఉగ్రరూపానికి సరిపోయిన ఇంగ్లీషు చెప్పుకి చాల్లేదంటే వింతే మరి. చెప్పు అంటే శాండలా, స్లిప్పరా, షూవా? తేలడాన్ని ఏమంటారు? డిక్షనరీ బళ్లో ఒక్కటే ఉండేది, హెడ్మాస్టారి గదిలో. ఆ రోజు దాని కోసం వరండాలో క్యూ కట్టాం. డిక్షనరీకి క్యూ కట్టడం ఆ బడి చరిత్రలో అదే మొదలని అటెండరు అనేవాడు.

అప్పట్నుంచి మాస్టారికి పేరు పడిపోయింది, "నువ్వు చూశావా మాస్టారు" అని. పిల్లలూ, ఇది మొదటి సంగతి. రాయడం నేర్పే క్లాసులో సగం టైము రాయడానికి పోదు. నువ్వు ఏం చూశావో గుర్తు తెచ్చుకోడానికి పోతుంది. ఒళ్లు మండుతుంది. నాకు మండింది.

ఇంకో సగం టైము తెలుగుతో కుస్తీకి పోయేది. "నాకు జ్వరం వచ్చింది" అని మనసులో అనుకుని "ఫీవర్ కేమ్ టు మీ" అని రాసేవాళ్లం. మాస్టారు నవ్వేవారు కాదు. బోర్డుకి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు రాసి, "మన భాషలో జ్వరమే నడిచి వస్తుంది, మనం మంచం మీద ఉంటాం. వాళ్ల భాషలో మనిషి ముందుండాలి, జ్వరం వాడి చేతిలో ఉండాలి. ఐ హ్యావ్ ఎ ఫీవర్" అనేవారు. "ఎ", "ది" అనే రెండు చిన్న ముక్కలు మనకి లేవు కాబట్టి అవి ఎక్కడ పెట్టాలో ఎంతకీ తెలిసేది కాదు. ఆయన చెప్పిన కిటుకు ఇప్పటికీ నా పిల్లలకి చెబుతాను: వినేవాడు "ఏదీ?" అని అడిగేట్టుంటే "ఎ", "ఓహో, అదా" అనేట్టుంటే "ది". అన్నిచోట్లా పనిచెయ్యదు. పదిలో ఏడు చోట్ల పనిచేస్తుంది.

"నిన్న మా ఇంటికి వచ్చిన మావయ్య" అనే ముక్క మీద అయితే ఒక పీరియడ్ మొత్తం గడిచింది. మనం మావయ్య గురించిన కబురంతా ముందు చెప్పి ఆఖర్న మావయ్యని దింపుతాం. ఇంగ్లీషులో మావయ్య ముందు దిగిపోవాలి, "హూ కేమ్ టు అవర్ హౌస్ ఎస్టర్‌డే" అనే సామాను వెనకాల రావాలి. ఆ రోజు క్లాసులో ఒకణ్ణి మావయ్యని చేసి, ఇద్దరి చేత పుస్తకాల సంచులు మోయించి, ముందూ వెనకా నడిపించారు. క్లాజులు, రిలెటివ్ ప్రొనౌన్లు అనే పేర్లు ఆయన నోట నేను విన్న గుర్తు లేదు. బీఎడ్‌లో ఆ పేర్లు వినపడగానే నాకు పుస్తకాల సంచులు కనపడ్డాయి.

ఇక దూడ సంగతి. డిసెంబర్లో ఒక శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి మాస్టారు మమ్మల్ని రేవుకి తీసుకెళ్లారు. పడవ దాటేది అక్కడే. గట్టు మీద వరసగా కూర్చోబెట్టి, "అయిదు వాక్యాలు. ఇక్కడ ఉన్నదే రాయాలి" అన్నారు. నేను "ది రివర్ ఈజ్ ఫ్లోయింగ్ బ్యూటిఫుల్లీ" అని మొదలెట్టాను. వెనకనించి పెన్సిల్ వచ్చి "బ్యూటిఫుల్లీ" మీద సన్నటి గీత గీసింది.

"పడవలో ఎంతమంది?"

లెక్కపెట్టాను. "పదకొండండి."

"ఇంకా?"

"రెండు సైకిళ్లు. ఒక దూడండి. అది ఎక్కనంటోందండి."

"ఎవరితో చెబుతున్నావు? కాయితంతో చెప్పు."

కాయితంతో చెప్పాను. ఎలెవెన్ పీపుల్, టూ సైకిల్స్ అండ్ ఎ కాఫ్ వర్ గెటింగ్ ఇంటు ది బోట్. ది కాఫ్ డిడ్ నాట్ వాంట్ టు. రెండో వాక్యం అలా ఆగిపోవచ్చో లేదో నాకు తెలీదు. "వాంట్ టు" తర్వాత ఏదో ఉండాలనిపించింది గానీ, ఏం పెట్టాలో తోచక చుక్క పెట్టేశాను. మాస్టారు అది చదివి పైకి ఇంకోసారి చదివారు. పెన్సిల్ కాయితానికి ఆనలేదు. మిగతా మూడు వాక్యాల నిండా గీతలే అనుకోండి. కానీ ఆ ఒక్కటీ తెల్లగా ఉండిపోయింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.

పదో తరగతిలో రేడియో ఉత్తరాలు. అప్పట్లో షార్ట్ వేవ్‌లో విదేశీ స్టేషన్లు వినడం ఒక సరదా. మనం విన్నది ఉత్తరం రాస్తే వాళ్లు సరిచూసుకుని, నిజమేనని క్యూఎస్ఎల్ కార్డు అని ఒక రంగుల కార్డు పంపేవాళ్లు. మాస్టారికి ఇది బాగా నచ్చింది. ఆ ఉత్తరంలో "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్" అని ఒక పేజీ నింపితే కార్డు రాదు. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ మీటరు బ్యాండు, ఏం విన్నావు, ఎలా వినపడింది, ఇవే కావాలి. ఎలా వినపడిందో చెప్పడానికి సిన్పో అని అయిదంకెల లెక్క ఒకటి ఉంది. సిగ్నలు బలం, పక్క స్టేషన్ల గోల, గరగర, తరంగం తేలిపోవడం, మొత్తం మీద ఎలా ఉందన్నది, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. లీవ్ లెటరు తప్ప ఇంకో ఉత్తరం ఎరగని మాకు, అవతలివాడికి పనికొచ్చేది రాయాలన్న సంగతి అక్కడ తెలిసింది.

టైము జీఎంటీలో వెయ్యాలి. మన టైములోంచి అయిదున్నర గంటలు తీసెయ్యాలి. మనవాడొకడు, పేరు చెప్పను గానీ ఈ సంచికకి అకౌంట్లు చూస్తున్నది వాడే, తీసెయ్యడం పోయి కలిపేశాడు. రాత్రి 9 గంటలకి విన్న ప్రోగ్రాముకి 15:30 వెయ్యాల్సింది, మర్నాడు 2:30 వేశాడు. ఇంకా ప్రసారం కాని ప్రోగ్రాము వినేసినవాడు ప్రపంచంలో వాడొక్కడే. వాడికి కార్డు రాలేదు, ఒక క్యాలెండరు మాత్రం వచ్చింది. నాకు కార్డు వచ్చింది. హెడ్మాస్టారు అసెంబ్లీలో చదివించారు. ఇంత చేసి వాడి ఇంట్లో క్యాలెండరు ఏడాదంతా గోడకి వేలాడింది, నా కార్డుని చెదలు తినేశాయి.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన సంగతి. పబ్లిక్‌లో సెకండ్ పేపరులో మీరు చూసిన ఒక ఊరి గురించి రాయమని వచ్చింది. మా పెదనాన్నతో వెళ్లిన అంతర్వేది తీర్థం రాయొచ్చు. రథం కదలగానే నా చొక్కా బొత్తాలు తెగిపోవడం దగ్గర్నుంచి అన్నీ గుర్తున్నాయి. పెన్ను పట్టుకున్నాను. భయం వేసింది. తప్పులొస్తే? గైడులో ఉన్న "ఎ విజిట్ టు హైదరాబాద్" కామాలతో సహా దింపేశాను. చార్మినారు, గోల్కొండ, సాలార్జంగు మ్యూజియం. అప్పటికి నేను రాజమండ్రి దాటలేదు. ఇంగ్లీషులో క్లాసు ఫస్టు నాదే. మార్కుల జాబితా చూసి మాస్టారు భుజం తట్టి, "ఏం రాశావోయ్?" అన్నారు. చెప్పాను. "బాగుందా హైదరాబాదు?" అని అడిగి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను కూర్చునేది ఆ బల్లకి ఇవతలి పక్కన. 2014-15లో పరీక్ష పద్ధతి మారి, 80 మార్కుల పబ్లిక్, 20 ఇంటర్నల్ అయ్యాక, డిస్కోర్సులు అని వచ్చాయి. డైరీ, సంభాషణ, పోస్టరు, న్యూస్ రిపోర్టు, జీవిత పరిచయం. చూడ్డానికి మా మాస్టారు కలగన్నదే పుస్తకంలోకి వచ్చినట్టుంటుంది. నాలుగు నెలలు తిరిగేసరికి వాటికీ గైడ్లు వచ్చేశాయి. నా దగ్గర 60 మంది డైరీ రాస్తే 50 మంది "టుడే ఈజ్ ఎన్ అన్‌ఫర్‌గెటబుల్ డే ఇన్ మై లైఫ్" అనే మొదలెడతారు. వాళ్లని అనడానికి నాకు నోరెక్కడిది? అందుకే నేనూ పెన్సిలే వాడుతున్నాను.

ఈ వ్యాసం రాసి ముందుగా కమిటీలో ఉన్న మనవాడికి చదవమని పంపాను. ఆ దూడ వాళ్లదేనని నాకు ఈ నలభై ఏళ్లలో తెలీదు. ఆ పదకొండు మందిలో వాళ్ల నాన్న ఒకరట. రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"అంతా బానే ఉంది గానీ, దూడ ఎక్కనందన్నావే, అదేమంత కాదురా. ఎక్కేసింది. అసలు గొడవంతా అవతలి రేవులో. దిగనని మొరాయించింది. నలుగురు కలిసి మోశారు. మా నాన్న నీళ్లలో పడ్డాడు. అది రాయవేంటి?"

"నేను చూళ్లేదురా" అన్నాను.