ఆ 'మేము'లో మీరెవరు?

ఉద్యోగం వచ్చింది. మొన్న సాయంత్రం లేఖ చేతికందింది. తలుపు మీద నా పేరుండే ల్యాబ్, నేనే రాసుకోవలసిన గ్రాంటు (పరిశోధన నిధుల) దరఖాస్తులు, నేనే సమాధానం చెప్పుకోవలసిన తప్పులు. సంతోషంగా ఉందా అంటే ఉంది. అయితే ఈ అనుభవం రాద్దామని కూర్చుంటే, ఏడు నెలల కిందట ఒక విశ్వవిద్యాలయంలో నేను నిలబడిన తెల్లబోర్డే కళ్ల ముందుకు వస్తోంది. దాని సంగతి తేల్చుకుంటే గాని మిగతాది రాయలేను.

అంతకుముందు రెండు మాటలు చెప్పాలి. లేకపోతే నా అవమానం మీకు అర్థం కాదు.

పోస్ట్‌డాక్‌గా నాది ఐదో ఏడు. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం. పని ఈస్ట్ కణాల మీద. ఈస్ట్ మొగ్గ తొడిగి పిల్లకణాన్ని కంటుంది. వేడికో వయసుకో పాడైన ప్రోటీన్లు కణంలో ముద్దకట్టుకుంటాయి. ఆ ముద్దల్లో ఎక్కువ భాగం తల్లికణంలోనే ఉండిపోతుంది, పిల్ల శుభ్రంగా బయటపడుతుంది. ఆ ముద్దలను విడదీసే హెచ్ఎస్‌పీ104 అనే ప్రోటీన్ మీద మా ప్రొఫెసర్ గారి ల్యాబ్ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. తల్లి ముసలిదయ్యే కొద్దీ ఈ కాపలా ఎక్కడ సడలుతుందన్న ప్రశ్న మాత్రం నాది. "నాది" అని ఇప్పుడింత ధీమాగా రాస్తున్నాను గాని, ఏడు నెలల కిందట ఆ మాట నోట రాలేదు.

ఫారాల సంగతి తేలికే. మా సంస్థలో పోస్ట్‌డాక్‌లు ఏడాదికోసారి వ్యక్తిగత అభివృద్ధి ప్రణాళిక నింపాలి. ఐడీపీ అంటారు. 2012లో వచ్చిన మైఐడీపీ అనే ఉచిత వెబ్‌సైటులో నింపినా ఒప్పుకుంటారు. అది మన నైపుణ్యాలు, ఆసక్తులు, విలువలు అడిగి, 20 వృత్తి మార్గాల్లో ఏవి మనకు నప్పుతాయో వరుసపెట్టి చూపిస్తుంది. నాకు మొదట చూపించింది సైన్స్ రచన. ఇది చదివాక ఆ లెక్క సరైనదో కాదో మీరే తేల్చండి. నింపిన ఫారం ప్రొఫెసర్ గారి దగ్గరికి తీసుకెళితే, చివరి పేజీ తిప్పి సంతకం పెట్టి, "పరిశోధన పత్రంలో ఆ మూడో బొమ్మ ఎంతవరకు వచ్చింది?" అన్నారు. నాలుగేళ్లూ అదే తంతు. సంతకమైన ఫారం కార్యాలయానికి వెళ్లేది, కార్యాలయం నుంచి "ధన్యవాదాలు" వచ్చేది. నాకు మార్గదర్శనం జరిగిపోయినట్టు లెక్క.

పోస్ట్‌డాక్ జీతం అడిగే గ్రాంటు దరఖాస్తులో, ఆ మనిషికి మార్గదర్శనం ఎలా చేస్తారో ఒక పేజీ రాయమనే నియమం కొన్నిచోట్ల ఉంది. అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్ఎఫ్ 2009 నుంచి అడుగుతోంది. మా ల్యాబ్ ఉమ్మడి ఫోల్డరులో ఇంకేదో వెతుకుతుంటే, అలాంటి పేజీ ఒకటి కంటబడింది. నా గురించే. నెలకోసారి కెరీర్ చర్చ, గ్రాంటు రాయడంలో శిక్షణ, స్వతంత్ర పరిశోధనకు ప్రోత్సాహం. చదువుతుంటే ఆ పోస్ట్‌డాక్ ఎవరో గాని, నాకు అసూయ పుట్టింది.

ఒకసారి ధైర్యం చేసి, బ్రిటన్‌లో పరిశోధకుల కెరీర్ ఒడంబడికను 2019లో సవరించినప్పుడు ఏడాదికి కనీసం పది రోజులు వృత్తిపరమైన ఎదుగుదలకు ఇవ్వాలని రాసుకున్నారని ఆయనకు చెప్పాను. "ఆదివారాలు ఉన్నాయి కదా" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి.

దరఖాస్తులు 31 పంపాను. నాలుగు చోట్ల వీడియోలో మాట్లాడారు, రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. సిఫార్సు లేఖలు అడిగిన ముగ్గురిలో ఒక పెద్దమనిషి "నువ్వే రాసి పంపు, సంతకం పెడతాను" అన్నారు. అలా అంటే రాయకండి. మన గురించి మనం రాసుకున్న లేఖలో మొహమాటం తప్ప ఏమీ కనిపించదు. ఆయనకో దండం పెట్టి, పేరు చిన్నదైనా నా పని దగ్గరగా చూసిన ఇంకొకరిని అడిగాను. ఫెలోషిప్‌ల గడువులు కూడా ముందే చూసుకోండి. యూరప్‌లోని మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు మించకూడదు. పక్క ల్యాబ్ మిత్రురాలు ఆ లెక్క చూసుకునేసరికి ఆమెకు ఎనిమిదేళ్ల రెండు నెలలు.

ఇక ఆ బోర్డు.

మొదటి పిలుపులో మొదటి రోజు స్లైడ్లతో ప్రసంగం. దాన్ని ముప్పైసార్లు సాధన చేశాను. బ్రహ్మాండంగా సాగింది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటారేమో, చెప్పుకుంటున్నాను: ముందు వరుసలో కునుకు తీస్తున్న పెద్దాయన పదో నిమిషంలో కళ్లు తెరిచి, చివరిదాకా మళ్లీ మూయలేదు. ఉద్యోగం వచ్చేసినట్టే నిద్రపోయాను ఆ రాత్రి.

మర్నాడు పొద్దున చాక్ టాక్. పేరులో సుద్దముక్క ఉన్నా, చాలాచోట్ల ఇప్పుడు తెల్లబోర్డే. స్లైడ్లు ఉండవు. తలుపు వేసిన గదిలో ఫ్యాకల్టీ వాళ్లు మాత్రమే ఉంటారు. రాబోయే ఐదేళ్లలో ఏ ప్రశ్నలు పట్టుకుంటారు, మొదటి గ్రాంటు దేనికి రాస్తారు, మొదటి విద్యార్థి చేతిలో ఏ పని పెడతారు అన్నది బోర్డు మీద గీస్తూ చెప్పాలి. వాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆపి అడుగుతారు. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను. చదవడమే, చేసిన పాపాన పోలేదు. మా ల్యాబ్‌లో ఐదేళ్లలో ఎవరి చేతా ఎవరూ చాక్ టాక్ చేయించలేదు.

బోర్డు దగ్గర మూడు మార్కర్లున్నాయి. ఎర్రది ఎండిపోయింది. నల్లదానితో తల్లికణం గీశాను, పక్కన మొగ్గ గీశాను, తల్లిలో నాలుగు చుక్కలు పెట్టాను. "మేము ఇదివరకు చూపించినదేమిటంటే" అని మొదలుపెట్టాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఎడమవైపు కూర్చున్న ఒకామె చెయ్యెత్తారు.

"మీరు వచ్చేశాక మీ ప్రొఫెసర్ ఈ పని ఆపేస్తారా?"

"ఆయన హెచ్ఎస్‌పీ104 వైపే ఉంటారనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా, అడిగారా?"

అడగలేదు. ఆ మాట పైకి అనకుండా బోర్డు మీద ఇంకో చుక్క పెట్టాను. అది ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

"ఆయన దగ్గర పదిహేను మంది ఉన్నారు. మొదటి ఏడాది మీ దగ్గర మీరూ, పెట్టె విప్పని మైక్రోస్కోపూ ఉంటాయి. ఇద్దరూ ఒకే ప్రశ్న పట్టుకుంటే ఎవరి పత్రం ముందు వస్తుంది?"

"మేము మాట్లాడుకుని..."

చివరి కుర్చీలో ఒకాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. చేతిలోని కాగితం మడతపెడుతూ, "బోర్డు దగ్గరికి వచ్చాక మీరు పదకొండుసార్లు మేము అన్నారు. లెక్కపెట్టాను. ఆ మేములో మీరెవరు?" అన్నారు.

నవ్వాను. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఆయన కాగితం మడత విప్పారు. అది మా పత్రం చివరి పేజీ. ఎవరెవరు ఏ పని చేశారో అక్కడ రాస్తారు కదా, క్రెడిట్ అనే పద్ధతిలో, మొత్తం 14 పాత్రలు. ఆయన చదివారు: "ఆలోచన, మీ ప్రొఫెసర్. ప్రయోగాలు, మీరు. చిత్రాలు, మీరు. తొలి ప్రతి, మీరు. ఆలోచన మీది కాదా?"

నాదే. ముసలి తల్లికణాలను మైక్రోస్కోపు కింద పెట్టి రాత్రంతా ఫొటోలు తీసిన రోజు, తెల్లవారుజామున ఒక మొగ్గలోకి ముద్ద జారడం చూసి, ఎవరికి చెప్పాలో తెలియక ఖాళీ వరండాలో అటూ ఇటూ నడిచింది నేనే. పత్రం పంపే ముందు పత్రిక వాళ్లు ఆ పాత్రల జాబితా అందరికీ పంపారు, సరిచూసి ఆమోదించమని. నేను చదవకుండానే ఆమోదం నొక్కాను. ప్రొఫెసర్ గారు కూడా కుట్రపన్ని రాసి ఉండరు. పాత పత్రంలోది తెచ్చి అతికించి ఉంటారు.

ఇప్పుడా గదిలో ఏం చెప్పాలి? ఆలోచన నాదే అంటే ఆయన్ను దొంగను చేసినట్టు. కాదంటే నేను చేతిపనికి తప్ప దేనికీ పనికిరానని ఒప్పుకున్నట్టు. "అందరం కలిసి..." అన్నాను. పన్నెండోసారి.

తెలుగులో మనకు మేము, మనం అని రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకున్నామో లేదో నోరు తెరవగానే తెలిసిపోతుంది. ఆ గదిలో మాట్లాడుతున్న ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. ఐదేళ్లపాటు ల్యాబ్ సమావేశాల్లో ప్రొఫెసర్ గారు ఆ మాట అన్నప్పుడల్లా నాకు 'మనం' అనే వినిపించింది. పత్రం చివరి పేజీకి వచ్చేసరికి అది 'మేము' అయింది, అందులో నేను లేను.

మిగతా అరగంట ఎలా గడిచిందో వివరంగా చెప్పను. బోర్డు తుడిచే డస్టర్ కనబడక అరచేత్తో తుడిచాను. ఆ తర్వాత రోజంతా అదే నల్ల అరచేతితో తొమ్మిది మందికి కరచాలనం చేశాను. రెండు వారాలకు రెండు వాక్యాల తిరస్కారం వచ్చింది. కారణం చెప్పమని శాఖాధిపతికి రాస్తే ఫోను చేశారు, అది ఆయన మంచితనం. "పని బాగుంది. మీ ప్రొఫెసర్ ఎక్కడ ఆగి మీరెక్కడ మొదలవుతారో మాకు కనబడలేదు" అన్నారు.

వారం రోజులు ఆ కమిటీని తిట్టుకున్నాను. ఇంకో వారం ప్రొఫెసర్ గారిని. ఆమోదం నొక్కిన వేలిని తిట్టుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

మా సంస్థకు మెంటరింగ్ పథకం ఉంది. ఫారం నింపితే ఒక పెద్దను జతచేస్తారు. నాకు జతచేసిన ఆయన మూడు సమావేశాలు రద్దుచేసి, నాలుగోదానికి పన్నెండు నిమిషాలు కూర్చుని, "పత్రాలు రాస్తూ ఉండండి" అని దీవించారు. గ్రీకు పురాణంలో మెంటర్ అనే ముసలాయనకు కొడుకును అప్పగించి రాజు యుద్ధానికి వెళతాడు. ఆ కుర్రాడికి దారి చూపింది మాత్రం ఆ ముసలాయన రూపంలో వచ్చిన అథీనా దేవత. పథకాలు పెట్టేవాళ్లు ఈ కథ పూర్తిగా చదవాలి.

నా అథీనా వేరే విభాగంలో పనిచేసే ప్రొఫెసర్. మైక్రోస్కోపు బుకింగ్ దగ్గర గొడవపడి పరిచయమయ్యారు. జరిగింది చెబితే జాలిపడలేదు. "వచ్చే గురువారం నా గదిలో బోర్డు ఖాళీ, ఐదుగురిని కూర్చోబెడతాను, వచ్చి చెప్పండి" అన్నారు. ఆ ఐదుగురిలో ఒక్కరికీ ఈస్ట్ గురించి తెలియదు, కావాలనే అలా పిలిచారు. 'మేము' అన్నప్పుడల్లా ఆమె పెన్నుతో బల్లమీద కొట్టేవారు. నాలుగు గురువారాలు నడిచింది. మూడో వారానికి బల్ల చప్పుడు తగ్గింది గాని, మొదటి ప్రశ్న మాత్రం తప్పలేదు: మీ ప్రొఫెసర్‌ను అడిగారా?

ఆ అడగడానికి నాకు పట్టింది పదిహేడు రోజులు. నా పత్రాలన్నింటికీ ఆ 14 పాత్రల పట్టిక మళ్లీ వేసి, ఏది ఎవరిదో నిజాయితీగా నింపమన్నారు ఆమె. నింపుతుంటే నాకు అనుకూలం కానివీ బయటపడ్డాయి. రెండో పత్రంలోని ఆలోచన నాదని ఇన్నాళ్లూ అనుకున్నాను, పాత మెయిళ్లు చూస్తే ప్రొఫెసర్ గారిదే. ఆ పట్టిక, వెంట తీసుకువెళ్లదలచిన 19 స్ట్రెయిన్ల (ఈస్ట్ రకాల) జాబితా పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. గొంతు ఎండిపోయింది.

ఆయన జాబితా పైనుంచి కిందికి చదివారు. ఐదేళ్లలో నా కాగితం ఒకదాన్ని ఆయన పూర్తిగా చదవడం నేను చూడటం అదే మొదలు. "ఈ సంగతి నువ్వెప్పుడూ అడగలేదు" అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. చివరికి తేలింది ఇదీ: వయసు ప్రశ్న నాదే, తన ల్యాబ్‌లో ఎవరికీ ఇవ్వరు. హెచ్ఎస్‌పీ104 మార్పురూపాలు ఆయనవి. రాబోయే పత్రంలో ఆలోచన దగ్గర ఇద్దరి పేర్లూ ఉంటాయి. మొత్తం ఇరవై నిమిషాలు. ఐదేళ్లు నేను భయపడింది ఈ ఇరవై నిమిషాలకా అనిపించి, మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది.

మాట ఇచ్చారు కదా అని ఊరుకోకండి. ఆ సాయంత్రమే, మనం అనుకున్నవి ఇవి అంటూ ఆయనకు మెయిల్ పెట్టాను. "సరే" అని ఒక్క మాట జవాబు. దాన్ని అచ్చుతీసి దాచుకున్నాను.

రెండో చోట చాక్ టాక్‌లో అదే ప్రశ్న ఆరో నిమిషంలో వచ్చింది. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఆయన పని, కుడివైపు నాది రాశాను. ప్రశ్న వేసిన మనిషి తల ఊపి, విద్యార్థుల గురించి అడగడం మొదలుపెట్టారు. అంతే.

వచ్చే నెల సామాను సర్దుకోవాలి. 19 స్ట్రెయిన్లలో 16ను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో వేరే పెట్టెలోకి మార్చాను. మూడింటి సంగతి ఆయన ఆలోచించి చెబుతానన్నారు, పది రోజులైంది. సోమవారం మళ్లీ అడుగుతాను.